పుట్టుమచ్చ ఏ బుగ్గన?

నానమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. క్యాంపస్ ల్యాబ్‌లో మా చిన్న యానిమేషన్ సినిమా కోసం ముసలమ్మ బొమ్మ గీస్తున్నాను. ముఖం నీదే. పుట్టుమచ్చ దగ్గర చేయి ఆగిపోయింది. అది ఏ బుగ్గన ఉండేది?

"గంత చిన్న మచ్చ ఎవరు చూస్తరే?" అంది, నాతో బొమ్మలు వేసే స్వప్న.

తార్నాక బస్టాపులో మనిద్దరం తీసుకున్న పాత సెల్ఫీని ఫోన్‌లో తెరిచాను. అందులో మచ్చ ఎడమ బుగ్గన ఉంది. అలాగే గీశాను. పొద్దంతా చెరిపి గీసినా అది నువ్వు కాలేదు. కళ్ళు మండిపోతున్నాయి.

సాయంత్రం మళ్ళీ ఫొటో చూస్తే, నీ పైట కుడి భుజం మీద ఉంది. నువ్వెప్పుడూ ఎడమ భుజం మీదే వేసుకునేదానివి. సెల్ఫీ నిన్ను అద్దంలోలా తిప్పేసింది.

మచ్చని కుడి బుగ్గకు మార్చాను. "బువ్వ తిన్నవా బిడ్డా?" అని అడగబోతున్నట్టు చూశావు.

ఇంకా తినలేదు, నానమ్మా.