బోటు సిద్ధం, అడ్వాన్సు పుచ్చుకోకు

యారాడ, మే 20

ఎల్లాజీ, నీ ఫోను కలవడం లేదు కనుక గుజరాత్‌లో నువ్వుండే వెరావల్‌కు ఈ కార్డు వేస్తున్నాను. నేను కొన్న పాత ఫైబరు బోటు బాగైపోయింది. ఇక నువ్వు పరాయి బోట్ల మీద పనిచేయనక్కర్లేదు.

రంగు వేశాక, ఒడ్డు మీదే బోటు నిండా నీళ్లు పోయించాను. బాగుచేసిన నూకరాజు నవ్వాడు. "ఇందులో సేపలు పెంచుతారేటి, టీచరమ్మా?"

"నా మనవడు ఎక్కే బోటు. కారితే ఇక్కడే కారాలి" అన్నాను.

ఇంజను బిగించే చోట కారింది. "రంగంతా మళ్లీ గీకాలేటి?" అని గొణుగుతూనే గీకి, కొత్త అతుకు వేశాడు. తిరిగి నింపితే తెల్లారేదాకా చుక్క జారలేదు. ఇంజను కూడా తాడు రెండోసారి లాగేసరికే అందుకుంది. వేట నిషేధం ఎత్తేసిన రోజున నువ్వే బోటును నీళ్లలోకి దించాలి.

నీ దగ్గు తగ్గిందా? మీ అమ్మ ఇచ్చిన స్టీలు క్యారేజీ ఉందా, పోగొట్టావా? దుప్పట్లు అక్కడే పారేసి రాకు.

వచ్చే సీజనుకు మీ యజమాని దగ్గర అడ్వాన్సు పుచ్చుకోకు. ఇప్పటికే పుచ్చుకుని ఉంటే తిరిగిచ్చేసి రా. అందులో కొంత ఖర్చైపోయి ఉంటే, ఎంత ఖర్చైందో దాచకుండా రాయి. కోప్పడతాను, అయినా పంపిస్తాను.

చల్లగా ఉండు.
మామ్మ