మామయ్యగారి మొహమాటం

అత్తయ్యగారూ, ఇక్కడ ఆసుపత్రిలో మామయ్యగారు కుదుటపడుతున్నారు, బెంగ పెట్టుకోకండి. ఊపిరితిత్తుల్లో చీముగడ్డ వల్ల కఫం ఊరి గొంతు గురగురమంటున్నా, ఆయన ఉమ్మకుండా మింగేసేవారు. మందు పనిచేయడం లేదేమోనని హడలిపోయాను. నర్సమ్మ నవ్వి, "కోడలి ముందు ఉమ్మడానికి మొహమాటమమ్మా ఆయనకి. నువ్వు కాస్త గోడవైపు తిరుగు" అంది. తిరిగాను. ఆమె ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి వీపు తట్టితే, కఫం గిన్నెలో పడి ఊపిరి తేలికైంది. అప్పటినుంచి దగ్గు రాగానే "అమ్మాయ్, గోడ!" అంటున్నారు.

మూతి తుడవడానికి మెత్తటి పాత పంచెలు పంపండి. మీ దగ్గర వదిలొచ్చిన పాపకు జ్వరం తగ్గిందా?

ఇవాళ దగ్గు వచ్చినా ఆయన "గోడ" అనలేదు. గిన్నె నేనే పట్టుకున్నాను. "మీ అత్తయ్యకు రాయకు" అన్నారు. రాసేశాను, మీరు చదవనట్టే ఉండండి.

నమస్కారాలతో,
మీ కోడలు