అగ్గిపాము పుస్తకానికి ఇద్దరు సాక్షులు

గోదావరిఖని,
2 డిసెంబరు 2024.

హైదరాబాదులో పుస్తకాలు అచ్చువేసే కృష్ణప్రియమ్మకు సుసన్నమ్మ దీవెనలు. నువ్వూ నీ పిల్లలూ చల్లగా ఉండాలి. దీవెన అయిపోయింది, ఇక పంచాయతీ.

నా పేరు అంకం సుసన్నమ్మ. భర్త రాజరత్నం, గని కార్మికుడు, ప్రభువు పిలుచుకున్నాడు. వయసు డెబ్భై మూడు. ఇంట్లో నేనూ, కొడుకు బిడ్డ సారికా, ఇద్దరమే. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే సారిక ఫోన్లో పట్టి రాసిన అగ్గిపాము కథల్ని రెండు పుస్తకాలుగా నువ్వే వేశావు. అట్టమీద డ్రాగన్ అని ఉంటే పిల్లలు కొంటారన్నావు, సరేనన్నాను. ఈ ఉత్తరం మాత్రం మా మరిది యేసుదానంతో రాయిస్తున్నాను. బొగ్గుగని కంపెనీలో క్లర్కుగా చేసి మూడేళ్ల కింద రిటైరయ్యాడు. సారిక నీ పక్షం మాట్లాడుతోంది, అందుకే ఆమె చేతికి కలం ఇవ్వలేదు.

బాలల దినోత్సవం నాడు సెంటినరీ కాలనీ బడిలో మూడు గంటలు కూర్చుని నలభై పుస్తకాల మీదే వేలిముద్ర వేశానని నీ ఫిర్యాదు. ఈ నెల హైదరాబాదు సభకు రెండు వందల మంది వస్తారని, నా ముద్రను రబ్బరు స్టాంపు చేయించి పంపావు. గుద్దితే చాలు, సాక్షులు అక్కర్లేదన్నావు.

స్టాంపు బాగుందమ్మా. కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా సందులో పెట్టాను, గట్టిగా నిలిచింది.

వేలిముద్ర పక్కన ఇద్దరు సాక్షులు లేకపోతే అది ముద్ర కాదు, మసి. కంపెనీ ఆఫీసులో ఇదే పద్ధతి. అందుకే ప్రతి పుస్తకం మీదా ఇద్దరు పిల్లలతో సంతకం పెట్టించాను. కథ తెలియనివాళ్లు సాక్షులెట్లా అవుతారు? ఒక్కొక్కరినీ ప్రశ్న అడిగాను. పాము ఏం తింటుందంటే ఒక పిల్ల, "బొగ్గు తింటది అవ్వా. తిని నీళ్లు తాగకపోతే నోట్ల మంట లేస్తది" అంది. నీళ్ల మాట నా కథలో లేదు. మూడో పుస్తకంలో పెట్టుకోనా అని ఆ పిల్లనే అడిగాను. ఇంకొకడు పాముది ఏ షిఫ్టని నన్నే నిలదీశాడు. రాత్రి షిఫ్టన్నాను, పగలు దాన్ని ఎవరైనా చూశారా అని.

నువ్వు పంపిన కుర్రాడు భూపాల్, ఫొటో కోసం నాకు అగ్గిపాము అట్టరెక్కలు కట్టబోయాడు. ముందు నువ్వు కట్టుకుని చూపించు బిడ్డా అన్నాను. కట్టుకున్నాడు. సాయంత్రం దాకా పిల్లలు విప్పనివ్వలేదు. ఆ మూడు గంటల్లో ఒక్కరూ ఇంటికి పోతామని ఏడవలేదు.

కాబట్టి నా మాట విను. హైదరాబాదుకు వస్తాను. నా బొటనవేలితో, ఇద్దరేసి సాక్షులతో, ఎంతసేపైనా కూర్చుంటాను. కాదంటే సారికను కూర్చోబెట్టుకో, స్టాంపూ పంపిస్తాను. మూడో పుస్తకం మాత్రం నా నోట్లోనే ఉంటుంది. అందులో పాము గుడ్లు పెట్టబోతోంది, అది కూడా తెలుసుకో.

నీ మేలు కోరే, నీ మీద కోపమున్న
సుసన్నమ్మ

తా.క.: ఉత్తరం మడవబోతుంటే ఆపాను. కంపెనీ పద్ధతని పైన చెప్పింది సగం నిజమే. ముప్పై మూడేళ్ల కింద గని కప్పు కూలి మా ఆయన పోయాడు. పోయినవాడి ఉద్యోగం ఇంట్లో ఒకరికి ఇస్తారు, అది నాకు రావాల్సింది. దినాలు కాకముందే మా మరిది ఒక కాగితం తెచ్చి, దవాఖానదని చెప్పి నాతో ముద్ర వేయించుకున్నాడు. పక్కన ఎవరూ లేరు. నాకు ఉద్యోగం వద్దు, మరిదికి ఇవ్వండని అందులో ఉందట. సాక్షుల సంతకాలు తర్వాత ఎక్కడో పెట్టించాడు. నేను ఇటుకలు మోసి కొడుకును పెంచాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నీ స్టాంపు చూడగానే ఆ కాగితమే కళ్లముందుకు వచ్చింది.

ఇక్కడ యేసుదానం కలం ఆపాడు. "వదినె, ఇది గూడ రాయాల్నా?" అన్నాడు.

"నువ్వే రాయాలె. నీ రాత మంచిగుంటది" అన్నాను.

రాశాడు. ఒక్క మాటా వదల్లేదని సారిక చదివి చెప్పింది. సభకు తానూ వచ్చి ఇంకుప్యాడ్ పట్టుకుని నిలబడతానంటున్నాడు. ఆలోచిస్తానన్నాను. రాసినవాడు సాక్షి కాకూడదని నువ్వంటావేమో. ఈ ఒక్కదానికి అతని కంటే పెద్ద సాక్షి లేడు.

అంకం సుసన్నమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
1. అంకం సారిక, మనవరాలు
2. అంకం యేసుదానం, మరిది. పైన రాసినదంతా నిజం.