లోపలికి దిగిన దీపం

అక్కా,

నీ కడుపునొప్పికి చేయించుకోమంటే నువ్వు వద్దంటున్న ఆ ఎండోస్కోపీ నిన్న నేనే చేయించుకున్నాను. పాత బావిలోకి మనిషి కంటే ముందు దీపం దించుతాం కదా, ఇదీ అంతే. గొంతు తిమ్మిరెక్కేలా మందు కొట్టి, చిటికెన వేలంత గొట్టం నోట్లోంచి దించారు. దాని కొసన దీపం, కెమెరా. పక్కనున్న తెర మీద చూడాలని మత్తు వద్దన్నాను.

నలభై ఏళ్లుగా బావులు తవ్వుతున్నాను. అంత ఎర్రగా, తడిగా మెరిసే గోడ ఎక్కడా చూడలేదక్కా. అది నా కడుపట! నోరు ముందే తెరిచి ఉంది కాబట్టి సరిపోయింది.

అడుగున చిన్న పుండు కనిపించింది. "అదేనయ్యా నీ మంట, మందులకు తగ్గేలాగే ఉంది" అన్నాడు డాక్టరు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు, దానికి బిల్లు వేరే. చిల్లు పడటం, రక్తం పోవడం వేలల్లో ఒకరికేనని ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నారు.

నాన్న కడుపులోకి ఎవరూ దీపం దించలేదు. నొప్పి ఏమిటో తెలియకుండానే పోయాడు.

సోమవారానికి నీ పేరు రాయించాను. పొద్దున ఏమీ తినకుండా రా. చిన్నప్పుడు నేను బావిలోకి దిగితే పైన తాడు పట్టుకున్నది నువ్వే. ఈసారి నేను పట్టుకుంటాను.

నీ తమ్ముడు