నాస్తా వేళ నెత్తురు కుస్తీ ఆపించుట గురించి

నారాయణఖేడ్,
9 ఫిబ్రవరి 1991, శనివారం.

మండల రెవెన్యూ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఊరి తోట బంగ్లాలో రేపు ఉదయం జరగనున్న కుస్తీని ఆపించి, మా అన్న వీరప్పను, అతని స్నేహితుడు మక్బూల్‌ను కాపాడుట గురించి.

ఈ రోజు పొద్దున కాలేజీకి బయలుదేరి రోడ్డెక్కగానే కొత్త బోర్డు కనబడింది. "రాత్రి బస, పొద్దున నాస్తా. చుట్టుపక్కల చూడదగినవి: వాగు, పాత బురుజు, నెమళ్లు, నెత్తురు కుస్తీ" అని ఎర్ర రంగుతో రాసి ఉంది. కింద రేపటి జోడీ: వీరప్ప, మక్బూల్. దాని కింద ముఖ్య అతిథిగా తమ హోదా. తమకు తెలియకుండానే రాశారని నమ్మి ఈ క్రింది విషయములు మనవి చేయుచున్నాను.

1. బంగ్లా దత్తాత్రయ రావు పటేల్ గారిది. పట్నం వారు శనివారం కార్లలో వచ్చి, రాత్రి ఉండి, ఆదివారం నాస్తా తిని పోతారు. వారికి చూపించడానికి ఇక్కడ ఏమీ మిగలలేదు. వాగు ఎండింది. బురుజు నిండా తేనెటీగలు. ఎక్కిన ఒకాయన ముఖం ఉబ్బి దవాఖాన పాలయ్యాడు. నెమళ్లను, చూడవచ్చిన వారే తుపాకీతో కాల్చి కూర వండించుకున్నారు. తలలు మా బావి దగ్గర పారవేశారు. ఇక చూడదగినవిగా మిగిలింది మేమే.

2. మా ఊరిలో కుస్తీ జాతరనాడు మాత్రమే పడతారు. వీపు నేలకు తాకినవాడు ఓడినట్లు. ఆ తరువాత వాని మీద చేయి వేయరాదు. కుస్తీ నేర్పే తాలీం ఒకటే అయి, అందులో మట్టి పూసుకున్నవారు పందెంలో ఎదురెదురుగా నిలబడరు. అన్న, మక్బూల్ చిన్ననాటి నుండి ఒకే తాలీం. ఆ మట్టిలో పసుపు, నూనె, మజ్జిగ కలిపేది వీరిద్దరే.

3. పోయిన ఆదివారం బంగ్లా ముందు గోదా తవ్వించి, బీదర్ వైపు నుండి తెచ్చిన వస్తాదును అన్న మీదికి వదిలారు. అన్న వీపు నేలకు తాకింది.

"వీపు పడ్డది పటేలా. ఓడిన. ఇగ ఇడువు" అన్నాడు.

పటేల్ గారి మనిషి మాణిక్యప్ప కొరడా పట్టుకుని గోదా చుట్టూ తిరుగుతున్నాడు. "లేవుర. సార్లు ఇంక నాస్తా తింటుండ్రు" అన్నాడు.

అన్న లేవలేదు. వస్తాదు మోకాళ్లతో అతని ఛాతీ మీదికి దూకాడు. మెడ కింది ఎముక విరిగిన చప్పుడు కంచె బయట ఉన్న నాకు వినబడింది. మక్బూల్ అడ్డం పోయాడు. కొరడా అతని చెవికి చుట్టుకుని, లాగినప్పుడు సగం చెవి తెగి వచ్చింది. ముందు వరుసవారు చెప్పుల మీద నెత్తురు పడకుండా కాళ్లు వెనక్కి తీసుకున్నారు. ఒకావిడ వాంతి చేసుకుంది. మిగిలినవారు ఉప్మా ప్లేట్లు కింద పెట్టి చప్పట్లు కొట్టారు.

మక్బూల్ తల్లి బాను బీ ఆ చెవి ముక్కను కొంగున కట్టుకుని పటేల్ గారి ముందుకు పోయింది. "చూడు పటేలా. మీ సార్ల కడుపు నిండిందా, ఇంక గావాల్నా?" అని అడిగింది.

"నెత్తురు లేకుంటే గింత దూరం ఎవలొస్తరు బీ?" అన్నారు పటేల్ గారు. "వచ్చే ఐతారం వీళ్లిద్దర్నే పట్టిస్త. దోస్తులు కొట్టుకుంటే ఇంక మజా."

రాకపోతే తాలీంకు కిరసనాయిలు పోసి అంటిస్తామని, తరువాత మా గుడిసెల వంతు అని మాణిక్యప్ప ఇంటింటికీ చెప్పి పోయాడు. తాలీం, గుడిసెలు ఉన్న నేల పటేల్ గారి పేరనే ఉన్నది.

4. అన్న చేయి పైకి లేవదు. అన్నం అమ్మ తినిపిస్తున్నది. మక్బూల్ పక్కన కూర్చుని, ఎక్కడ పట్టుకుంటే అన్నకు తక్కువ నొప్పి అవుతుందో అడుగుతున్నాడు. అయ్యా, కాలేజీ నిఘంటువులో 'వినోదం' అనే మాటకు అర్థం చూశాను. మా అన్న ఎముక అందులో లేదు.

కావున తమరు రేపు ముఖ్య అతిథి కుర్చీలో కూర్చోకుండా, గోదాలో నిలబడి ఈ పని ఆపించవలెనని, తాలీంకు, గుడిసెలకు రక్షణ కల్పించవలెనని వేడుకొనుచున్నాను. ఆలస్యము చేయక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
కాశీనాథ్,
ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరం.

మరొక మనవి: తమరు రాలేకపోతే ఏం చేయాలో అన్న, మక్బూల్ అనుకున్నారు. ఇద్దరూ గోదాలో దిగి, మట్టికి మొక్కి, ఒకరినొకరు తాకకుండా వెల్లకిలా పడుకుంటారు. రెండు వీపులూ నేలకు తాకితే కుస్తీ అయిపోయినట్లే.

"కొరడాకు గా రివాజు ఎరికనారా?" అని మా అమ్మ నీలమ్మ అడిగింది.

నేను ఎన్నడూ గోదాలో దిగినవాడిని కాను. వారికి ఇంకా చెప్పలేదు, తమకే చెబుతున్నాను. రేపు పొద్దున నాస్తా వడ్డించకముందే అంగీ విప్పి, వారిద్దరి నడుమ నేనూ పడుకుంటాను. దారి అడగనక్కర లేదు. బోర్డు మీది బాణం గుర్తు మా వైపే ఉన్నది.