జగద పేరున ఒక సోడా

కళింగపట్నం
11-4-2016, సోమవారం

ఈ రోజు పనులు: నీళ్ళు మూడు బిందెలు పట్టడం, దోసెల పిండి రుబ్బడం, గోలీ సీసాలు తొంభై ఆరు కడగడం, వాటి మూతి రబ్బర్లు మరిగించడం. దుప్పట్లు రేపటికి మిగిలాయి.

ప్రియమైన జగదకు,

ఫోన్లో అడిగితే "చూద్దాంలే వదినా" అని పెట్టేస్తావు. కాగితం మీద అడిగితే జవాబు రాయక తప్పదు. అందుకే ఈ ఉత్తరం. ఎండుచేపల బుట్టలతో నౌపడ వచ్చే ఆటో గంగులు చేతికి ఇస్తున్నాను.

నీళ్ళ పరీక్ష నెగ్గింది. లైసెన్సు వచ్చింది. ఎనిమిది నెలలుగా గోనె కప్పుకొని కూర్చున్న సోడా మిషను మళ్ళీ తిరగబోతోంది. మీ తాతగారు కూర్మయ్య 1956లో రేవు కూలీల కోసం పెట్టిన మిషను అది. మావయ్య దానికి సుగంధి, అల్లం రుచులు చేర్చారు. మీ అన్నయ్య చేతికి వచ్చేసరికి పెద్ద కంపెనీల ప్లాస్టిక్ సీసాలు వచ్చిపడ్డాయి. అయినా లాక్కొచ్చారు. ఇప్పుడు మా ఉష బీకాం చదివి, పెళ్ళిళ్ళకు గోలీ సోడా ఆర్డర్లు పట్టుకొస్తోంది.

మే అయిదున మొదటి వాయి. తాతగారి ఆచారం నీకు తెలుసు. చక్రం మగవాడు తిప్పితే, ఇంటి ఆడపడుచు పక్కన నిలబడి చుట్లు లెక్కపెట్టాలి. ఇరవై అనగానే ఆపాలి. మీ అన్నయ్య ఒకటే పట్టు. "జగద వచ్చి లెక్కెడితేనే తిప్పుతాను. లేకుంటే తుప్పట్టిపోనీ" అంటున్నారు.

ఇంకొకటి. మావయ్య పద్దులో నీ పేరున ఒక సుగంధి సోడా బాకీ ఉంది. ఏటేటా ముందుకు తెచ్చి రాశారు. ఆయన పోయాక పుస్తకం నా చేతికొచ్చింది. ఎందుకో తెలియకుండానే ఏడేళ్ళుగా నేనూ అలాగే రాస్తున్నాను. వచ్చి తాగి వెళ్ళు, నా పుస్తకం శుభ్రపడుతుంది.

నీ జవాబు కోసం గంగులు ఆటో చప్పుడు వింటూ,
వదిన గౌతమి

*

నౌపడ
18-4-2016

ప్రియమైన వదినకు,

లైసెన్సు కబురుకు మా ఇంట్లో అందరం సంతోషించాం. కానీ మే నెలంటే ఉప్పు మళ్ళల్లో ఊపిరాడని పని. కూలీల భోజనాలు నా మీదే. అత్తగారి మోకాలు వాచింది. లెక్కపెట్టడానికి ఉష చాలదూ?

ఆ సోడా పద్దు కొట్టేసెయ్యి వదినా. చిన్నప్పటి మాట.

ఆవకాయకు రాళ్ళుప్పు ఒక సంచి పంపాను.

అందరినీ అడిగానని చెప్పు,
జగద

*

కళింగపట్నం
20-4-2016, బుధవారం

ఆవకాయ కాయలు నలభై తుడిచాను, కొట్టించాను. నీ ఉప్పు ఎండబెట్టాను. షెడ్డు అటక మీద బూజు సగం దులిపాను.

ప్రియమైన జగదకు,

నీ ఉప్పు బాగుంది. నీ సాకులు బాగాలేవు.

నేను అన్నీ గుర్తు పెట్టుకుంటానని నీకు తెలుసు. ఉష అన్నప్రాసనకు వచ్చావు, షెడ్డులోకి రాలేదు. మావయ్య పెద్దకర్మకు అందరూ షెడ్డులో భోంచేశారు, నువ్వు వీధి అరుగు మీద తిన్నావు. నేను ఈ ఇంటికి వచ్చి ఇరవై ఏడేళ్ళు. నువ్వు సోడా తాగగా చూడలేదు. ఒకసారి పైత్యమన్నావు, ఒకసారి పంటినొప్పి, ఒకసారి శనివారం. శనివారానికీ సోడాకీ ఏమిటే తల్లీ సంబంధం?

మీ అన్నయ్య మరోలా అనుకుంటున్నారు. నీ ఉత్తరం చూసి, "సెడ్డు నాకు రాసిచ్చినారని దాని మనసులో ఉన్నాది. సగం దాని పేరున రాసెత్తాను. ఏటి కావాలో సెప్పమను" అన్నారు. నిన్న స్టాంపు కాగితాలు కూడా తెచ్చి బల్ల మీద పెట్టారు. మిషను మీద గోనె మళ్ళీ కప్పేశారు.

ఆ కాగితాల కోసం కాదని నాకు తెలుసు. మరి దేనికోసం? ఒక్కమాట రాయి.

కోపంగా కాదు, బెంగగా,
వదిన

*

నౌపడ
25-4-2016

ప్రియమైన వదినకు,

షెడ్డు నాకొద్దు. అన్నయ్య అలా అనుకుంటున్నాడని చదివాక అన్నం సహించలేదు. ఇక దాచను.

అప్పుడు నాకు పదకొండేళ్ళు. పెళ్ళి ఆర్డరు పని. నాన్న చక్రం తిప్పుతున్నారు, నేను లెక్క. రోజుకో సుగంధి సోడా నా కూలి. ఇంతలో తిమింగలం ఒడ్డుకు కొట్టుకొచ్చిందని బయట పిల్లల కేకలు. నేను గుమ్మం వైపు చూశాను. తల తిప్పేసరికి పద్నాలుగో పదహారో గుర్తు లేదు. పద్నాలుగు అనుకొని సాగించాను. ఇరవై అంటుండగానే సీసా పేలింది. నాన్న ఎడమ కన్ను పోయింది.

"లెక్క తప్పినావేటే?" అని అమ్మ అడిగింది. "లేదమ్మా" అన్నాను. ముప్ఫై అయిదేళ్ళుగా ఆ అబద్ధమే మింగుతున్నాను. నాన్న ఆసుపత్రి నుంచి వచ్చాక సోడా చేతికిస్తే పారిపోయాను. ఆ తరువాత ఎన్నిసార్లు ఇచ్చినా తీసుకోలేదు. నేను కన్ను తీసిన మనిషి చేతి సోడా ఎలా తాగను?

ఇప్పుడు నన్ను మళ్ళీ లెక్కపెట్టమంటున్నారు. నావల్ల కాదు.

క్షమించమని అడగలేని,
జగద

*

కళింగపట్నం
26-4-2016, మంగళవారం

ఈ రోజు పనులు: ఏవీ కాలేదు. అన్నం మాడింది.

ప్రియమైన జగదా,

నీ ఉత్తరం అందగానే అటకెక్కాను. 1981 పద్దు దొరికింది. మావయ్య ఆసుపత్రి నుంచి వచ్చాక రాసినది. ఒంటికన్నుతో రాయడం అలవాటు లేక అక్షరాలు గీత దాటి జారిపోయాయి. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"పెళ్ళి ఆర్డరుకు ఒక సీసా తగ్గినది. ఎర్రదారం సీసా ఎక్కించితిని. ముసుగు వేసుకొనలేదు. అదే చట్రములోని తక్కిన మూడు సీసాలు చెక్కు చెదరక పెళ్ళికి పోయినవి. తప్పు నాది. జగదకు నాటి కూలి సోడా ఒకటి బాకీ. ఇచ్చిన పుచ్చుకొనుట లేదు."

పగులున్న సీసా మెడకు ఎర్రదారం కట్టి పక్కన పడేస్తామని నీకు తెలియనిదా? లెక్కకు ఒకటి తగ్గిందని దాన్నే ఎక్కించారు మావయ్య. నీ లెక్క తప్పే ఉండవచ్చు. అయితే రెండు చుట్లు ఎక్కువైంది నాలుగు సీసాలకూ. మూడు ఎందుకు పేలలేదు?

నీ ఉత్తరం మీ అన్నయ్యకు చదివి వినిపించాను. కోప్పడకు. ఇరవై రెండు చుట్లకు సీసా పేలుతుందా అని అడిగాను. "ఎవులన్నారు? కబుర్లలో పడి ముప్పై తిప్పేసిన రోజులున్నాయి" అన్నారు. తరువాత గోడ వైపు తిరిగి, "పిచ్చి మొకం. నన్నడిగితే సెప్పేవోణ్ణి గదా" అన్నారు.

పుస్తకం గంగులుతో పంపుతున్నాను. ఆ చేతిరాత నువ్వే చూడు. పుస్తకం వెనక్కి కావాలి, నువ్వే తీసుకురా.

మాడిన గిన్నె తోముతూ,
వదిన

*

కళింగపట్నం
8-5-2016, ఆదివారం

ఈ రోజు పనులు: సీసాలు రెండు వందల పది కడగడం. ఆవకాయ జాడీ తిరగ కలపడం. ఉషతో కలిసి రేపటి ఆర్డరుకు బుట్టలు సర్దడం. దుప్పట్లు కూడా అయ్యాయి.

ప్రియమైన జగదకు,

క్షేమంగా చేరావని ఫోన్లో విన్నాను. అయినా రాయాలనిపించింది.

ఆ రోజు షెడ్డు గుమ్మంలో నువ్వు ఆగిపోయినప్పుడు వెనక్కి తిరుగుతావేమోనని భయపడ్డాను. నువ్వు గోడకున్న ఇనప వల ముసుగు తీసి మీ అన్నయ్య మొహానికి తగిలించావు. "ఇది లేకుంటే ఒకటి కూడా అనను" అన్నావు.

"ఒలే, నాకు ఊపిరాడదే!"

"ఆడకుంటే మానెయ్. నోరు మూసుకొని తిప్పు."

ఆ దెబ్బకు అందరూ నవ్వారు. నీ గొంతు తొమ్మిది దాకా వణికింది. పన్నెండుకు ఉష నీ చేయి పట్టుకుంది. ఇరవై అన్నప్పుడు వేట నుంచి వచ్చిన పడవవాళ్ళకు కూడా వినిపించి ఉంటుంది. నాలుగు సీసాలూ నిలిచాయి. నువ్వు గోలీ నొక్కగానే వచ్చిన ఆ కీచు చప్పుడుకు మీ అన్నయ్య ముసుగులోనే ఏడ్చారు. తీయమంటే తీయలేదు.

నువ్వు తాగిన సీసాను దాచుకుందాం అంది ఉష. నేను ఒప్పుకోలేదు. కడిగి మిగతావాటిలో కలిపేశాను. సీసా తిరుగుతుండాలి. స్టాంపు కాగితాలు మాత్రం బీరువాలో పెట్టాను. డబ్బు పోసి కొన్నవి, పారేస్తానా?

చాలా ఏళ్ళకు తేలిక మనసుతో,
వదిన

తా.క.: పుస్తకంలో ఇలా రాశాను. జగదీశ్వరికి 1981 నాటి కూలి, సుగంధి సోడా ఒకటి. 5-5-2016న ముట్టినది. బాకీ చెల్లు.