అక్క నిలబెట్టిన గింజ

ఆగస్టు 16

దయ్యాల నెల, పోయినవాళ్ళు ఇళ్ళకి తిరిగొచ్చే నెల, మొదలైంది. మా షిన్‌చూ ఊళ్ళో ఏ గుమ్మం ముందు చూసినా అగరుబత్తుల పొగే. ల్యాబ్‌లో నా సీనియర్ రువో-లాన్ అక్క పోయి రెండు నెలలు. వానలో స్కూటర్ జారింది. ఆ సాయంత్రం ల్యాబ్‌లో ఆమె చివరగా చేసిన పని ఒక్కటే. మా కోబాల్ట్ గింజ అయస్కాంతాన్ని పైకి తిప్పి, గొడుగు మరిచిపోయి వెళ్ళింది.

గింజ అంటే కంటికి ఆనేది కాదు. బియ్యపు గింజలా పొడుగు. ఆ పొడుగు వెంటే నిలుస్తుంది, అయితే పైకి, లేకుంటే కిందికి. స్పిన్ అంటే ఎలక్ట్రాన్‌లోని బుల్లి అయస్కాంతం. అది అంతా ఒకే వైపున్న ఎలక్ట్రాన్లను కరెంటుగా గింజ గుండా గట్టిగా తోస్తే పల్టీ కొడుతుంది. తోయకపోతే ద్రవ హీలియం చలిలో ఏళ్ళ తరబడి అలాగే ఉండాలి. అంటే అక్క చెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

ఆగస్టు 17

చూశాను. పైకే ఉంది.

ఆగస్టు 21

రోజూ చూస్తున్నాను, గంటలకొద్దీ. రీడింగ్‌కి కాస్త కరెంటు చాలు, రెసిస్టెన్స్ అంకెని బట్టి ఏ వైపుందో తెలుస్తుంది. ప్రొఫెసర్ త్సెంగ్ విసుక్కున్నారు. ఎన్నాళ్ళమ్మా ఈ పూజ, తిప్పి డేటా తియ్యి, నెలాఖరుకి హీలియం ఆపేస్తున్నారు, వేడెక్కితే అదెలాగూ అంతా మర్చిపోతుంది అని. ముప్ఫయ్యో తారీఖున, ఆత్మలకి బల్ల వేసి నైవేద్యం పెట్టే రోజున, అక్క వాళ్ళమ్మ వస్తానంది. బిడ్డ ఆఖరిసారి చేసింది కళ్ళారా చూసుకోవాలట. అప్పటిదాకా తిప్పనని ఆమెకి మాటిచ్చానని చెప్పాను. సరేలే, మెషీన్ మొరాయించకుండా దాని మీద మీ అక్క పెట్టిన ఆకుపచ్చ చిరుతిండి పొట్లానికి డేట్ అయిపోయింది, అదైనా మార్చు, మెషీన్ అలుగుతుంది అన్నారు. మార్చలేదు.

అక్కకి ఆలోచిస్తున్నప్పుడు బాల్‌పెన్ టిక్కుటిక్కుమనిపించే పిచ్చి. ఆపక్కా, తల పగిలిపోతోంది అని అరిచేదాన్ని. ఇప్పుడు పంపు చప్పుడు తప్ప ఏమీ లేదు. భరించలేకపోతున్నాను.

ఆగస్టు 28

కిందికి ఉంది.

రీడింగ్ తీస్తుండగా, నా కళ్ళ ముందే దూకింది. ఛీ, బుద్ధుందా నాకు? రీడింగ్ కరెంటూ కరెంటే కదా! దాని స్పిన్ కూడా కొంచెం కొంచెంగా కిందికే తోస్తుంది కదా! చూసి చూసి నేనే పడదోశాను. బాత్రూములో కూర్చుని ఏడ్చాను.

ఆగస్టు 29

కరెంటు దిశ మార్చి తోశాను. లేచింది. రెసిస్టెన్స్ అంకె అదే. ఏ మీటరూ తేడా చెప్పలేదు. ఇది అక్క నిలబెట్టింది కాదని నాకొక్కదానికే తెలుసు.

ఆగస్టు 30

అక్క వాళ్ళమ్మ వచ్చింది. బల్ల మీద బాతు, పంపర పనస, అక్కకిష్టమైన మిరియాల బన్ను పెట్టింది. కంప్యూటర్ తెర మీద గీత చూపించి, ఇదే ఆంటీ అన్నాను. మా పిల్ల పెట్టినట్టే ఉందా అని అడిగింది. ఉందన్నాను. నాలుక తెగిపడితే బాగుండుననిపించింది.

తెర మీద అరచెయ్యి ఆనించింది. తర్వాత, ఎన్నాళ్ళని నిలబెడతావే దాన్ని, కాళ్ళు పీకవూ, మా పిల్ల చిన్నప్పుడూ అంతే, ఎంత అలసినా కూర్చునేది కాదు, ఇక పడుకోబెట్టమ్మా అంది.

నా వల్ల కాలేదు. బటన్ ఆమె చేతే నొక్కించాను. గింజ కిందికి వాలింది. ఆమె నా తల నిమిరింది. తిట్టినా బాగుండేది.

సెప్టెంబరు 1

హీలియం ఆపేశారు. గది వేడికి గింజ ఇక ఏ వైపూ నిలవదు. ఎవరూ తోయకుండానే పైకీ కిందికీ దూకుతోంది. దూకినప్పుడల్లా చప్పుడయ్యేలా రీడింగ్‌ని స్పీకరుకి కలిపాను.

టిక్. టిక్‌టిక్. టిక్.

ఈసారి ఆపక్కా అనలేదు.